పాత కారుకు ఏడాదికి ఎంత పక్కన పెట్టాలి, దాన్ని ఎక్కడ ఖర్చు చేయాలి

సెకండ్ హ్యాండ్ కారు కొన్న మొదటి ఏడాది షెడ్డులో మీరు కట్టే బిల్లులో చాలా భాగం పాత యజమాని బాకీ. ‘ఎలాగూ అమ్మేస్తున్నాం కదా’ అని ఆయన వాయిదా వేసిన పనులన్నీ కారుతోపాటు మీ చేతికి వస్తాయి. ఆర్‌సీలో మాత్రం అవి కనిపించవు. ఆ బాకీని ముందే లెక్కగట్టి, ఏది ఇప్పుడే తీర్చాలో, ఏది ఏడాది ఆగుతుందో తేల్చుకుంటే పదేళ్లు దాటిన కారును కూడా, పెట్రోలు కాకుండా, నెలకు రెండు మూడు వేలతో నడుపుకోవచ్చు. లేదంటే జనగామ దాటాక హైవే పక్కన బానెట్ ఎత్తిపెట్టి, టోయింగ్ బండి కోసం ఫోన్లు చేస్తూ తేల్చుకోవాల్సి వస్తుంది.

ఇదంతా పదేళ్లు అటూ ఇటూ వయసున్న చిన్న పెట్రోలు కార్లను దృష్టిలో పెట్టుకుని రాసింది. స్విఫ్ట్, వ్యాగన్ ఆర్, ఐ10 లాంటివన్నమాట. డీజిల్ సంగతి మధ్యలో వస్తుంది. ధరలు వరంగల్, హన్మకొండ బయటి షెడ్ల స్థాయికి ఉజ్జాయింపులు. మోడల్‌ను బట్టి, సామాను తయారీని బట్టి మారుతుంటాయి.

1. మీటరు పక్కన పెట్టి తేదీలు రాసుకోండి

కారు చూడటానికి వెళ్లిన ప్రతివారూ ముందు తొంగి చూసేది మీటరులోకే. దాన్ని వెనక్కి తిప్పడం ఎంత తేలికో తెలిసినా చూపు అటే పోతుంది. అసలు తిప్పని మీటరు కూడా పాత కారు విషయంలో సగం సంగతే చెబుతుంది. పదేళ్లు దాటిన కారులో ఇనుము పాడవడం అరుదు. పాడయ్యేవి రబ్బరు, ద్రవాలు, వైర్లు. వాటిని తినేవి ఎండాకాలాలు. మే నెలలో 44 డిగ్రీలు దాటే మన దగ్గర బానెట్ కింది రబ్బరు గొట్టానికి కారు తిరిగిందా, ఇంటి ముందు నిలబడిందా అన్న తేడా పెద్దగా ఉండదు.

అందుకే ‘రిటైర్డ్ ఉద్యోగి కారు, పన్నెండేళ్లలో ముప్ఫై వేలే తిరిగింది’ అనగానే అడ్వాన్సు ఇచ్చేయకండి. గోదావరిఖనిలోనో భూపాలపల్లిలోనో క్వార్టర్ ముందు వేపచెట్టు కింద ఏళ్ల తరబడి నిలబడిన కారు జబ్బులు వేరు. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గరి జాలీలో ఆకులు కుళ్లి నీళ్లు పోయే దారి మూసుకుపోతుంది. వానాకాలంలో ఆ నీళ్లు లోపలికి దిగి కార్పెట్‌ను తడుపుతాయి. టైర్ల గాట్లు కొత్తగా కనిపిస్తాయి గానీ పక్కగోడలు నెర్రెలిచ్చి ఉంటాయి. ఇంజను సీళ్లు ఎండిపోయి, మీరు రోజూ నడపడం మొదలుపెట్టిన నెల రోజులకు ఆయిల్ చెమర్చడం మొదలవుతుంది. రోజూ హన్మకొండ నుంచి జనగామకు డ్యూటీకి వెళ్లొచ్చి లక్షా పదివేలు తిరిగిన కారు, ఆయిల్ మార్చిన బిల్లులు ఉంటే, దీనికంటే నయమని నా అభిప్రాయం.

కారు చేతికొచ్చిన వారంలోనే ఒక నోటుబుక్కు పెట్టండి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటిన టైరును, గాట్లు ఎంత లోతుగా ఉన్నా, హైవే మీదికి తీసుకెళ్లకండి. స్టెప్నీ తేదీ కూడా చూడండి. చాలా కార్లలో అది ఫ్యాక్టరీలో కారుతోపాటు వచ్చిందే ఉంటుంది. బ్యాటరీ తేదీ రాసుకోండి. మన ఎండలకు అది మూడు నాలుగేళ్లు నిలిస్తే సంతోషించాల్సిందే.

తర్వాత టైమింగ్ బెల్టు. ఇంజనులో వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా కదిలించేది ఇదే. కొన్ని ఇంజన్లలో ఆ పని ఇనుప చైను చేస్తుంది. మీ దాంట్లో బెల్టు ఉందో, చైను ఉందో ముందు తెలుసుకోండి. మారుతి కె సిరీస్ పెట్రోలు ఇంజన్లలో, స్విఫ్ట్, డిజైర్‌లలో వచ్చిన 1.3 లీటర్ల డీజిల్‌లో చైను ఉంటుంది. పాత ఆల్టో 800 సీసీలో, పాత శాంత్రోలో, 1.1 లీటర్ల ఐ10లో, 2.5 లీటర్ల ఇన్నోవా డీజిల్‌లో బెల్టు ఉంటుంది. బెల్టుకు కిలోమీటర్ల గడువు, ఏళ్ల గడువు రెండూ ఉంటాయి. ఏది ముందు వస్తే అదే లెక్క. నడుస్తుండగా అది తెగితే చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. అప్పుడు ఐదారు వేల పని ముప్ఫై నలభై వేల పని అవుతుంది. మార్చినట్లు బిల్లు చూపించలేకపోతే మార్చనట్లే లెక్క వేసుకోండి. నోటి మాటకు ఇక్కడ విలువ లేదు.

2. టార్చి పట్టుకుని కారు చుట్టూ తిరగండి

స్టీరింగ్‌ను ఒక వైపు పూర్తిగా తిప్పి, ముందు చక్రం వెనక టార్చి వేయండి. గేరుబాక్సు నుంచి చక్రానికి వెళ్లే ఇనుప కడ్డీ చివర ముడతలు ముడతలుగా నల్లటి రబ్బరు తొడుగు కనిపిస్తుంది. మెకానిక్కులు యాక్సిల్ బూటు అంటారు. ముడతల మధ్య వేలు పెట్టి విడదీసి చూడండి. పగిలి ఉంటే వేలికి నల్లటి గ్రీజు అంటుకుంటుంది. చక్రం లోపలి వైపు కూడా గ్రీజు చిమ్మిన చారలుంటాయి. ఈ దశలో కొత్త బూటు, గ్రీజు, కూలీ కలిపి వెయ్యి, పదిహేను వందల్లో పని అయిపోతుంది. వదిలేస్తే ఆ పగులులోంచి దుమ్ము దూరి లోపలి గోళీలను అరగదీస్తుంది. మలుపు తిరిగినప్పుడల్లా టకటకమని శబ్దం మొదలైందంటే యాక్సిలే మార్చాలి. దానికి ఆరేడు వేలు. పరకాల, భూపాలపల్లి దారిలో బొగ్గు, బూడిద టిప్పర్ల వెనక తిరిగే కార్లలో, కరీంనగర్ గ్రానైట్ క్వారీల పక్క రోడ్ల మీద తిరిగే కార్లలో ఒకసారి బూటు పగిలితే లోపలికి దుమ్ము చేరడానికి ఎక్కువ రోజులు పట్టదు. పాత కారు ఖర్చంతా దాదాపు ఇలాగే నడుస్తుంది. వందల్లో దొరికే రబ్బరును పట్టించుకోకపోతే వేలు పోసి ఇనుము కొనాలి.

ఇక చల్లబరిచే వ్యవస్థ. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ పై గొట్టాన్ని నొక్కి చూడండి. కర్రలా బిగుసుకుపోయినా, మెత్తగా ఉబ్బినా మార్చాల్సిందే. కూలెంట్ డబ్బాలో ఆకుపచ్చో ఎరుపో నీలమో శుభ్రమైన రంగు కనిపించాలి. తుప్పు నీళ్ల రంగు ఉందంటే ఎవరో బోరు నీళ్లు పోసి నడిపించారని అర్థం. మన బోరు నీళ్లతో స్టీలు గిన్నెకే తెల్లటి గార కడుతుంది. రేడియేటర్ సన్నని గొట్టాల సంగతి చెప్పనక్కర్లేదు.

ఇంకో రెండు విషయాలు ప్రత్యేకంగా వెతకండి. కారు వేడెక్కుతోందని వస్తే కొన్ని షెడ్లలో థర్మోస్టాట్ వాల్వును (ఇంజను వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వు) తీసి పారేస్తారు. రేడియేటర్ ఫ్యానుకు సెన్సర్ పనిచేయకపోతే వైరును నేరుగా కలిపేస్తారు. రెండూ అప్పటికి గండం గట్టెక్కించే పనులే. వాల్వు లేని ఇంజను సరిగ్గా వేడెక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. చలికాలంలో హైవే మీద టెంపరేచర్ ముల్లు సగానికి చాలా కింద ఉండిపోతే వాల్వు లేదని అనుమానించండి. తాళం తిప్పగానే, ఇంజను చల్లగా ఉండగానే, ఏసీ వేయకుండానే ఫ్యాను తిరిగితే అది నేరుగా కలిపిన వైరు. ఈ రెండింటినీ సరిచేయడానికి రెండు వేలు దాటదు. చేయించకుండా వదిలేసి ఒకసారి ఇంజను బాగా కాగిందంటే హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజను పైభాగానికీ కింది భాగానికీ మధ్య ఉండే పొర, పోతుంది. దానికి పదిహేను, ఇరవై వేలు సిద్ధం చేసుకోవాలి.

3. మొదటి నెలలోనే ద్రవాలన్నీ మార్చండి

‘మొన్ననే సర్వీసు చేయించాం’ అన్న మాటను మర్యాదగా విని వదిలేయండి. ఇంజను ఆయిల్, ఆయిల్ ఫిల్టరు, ఎయిర్ ఫిల్టరు, ఏసీ ఫిల్టరు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేరు ఆయిల్, పెట్రోలు కారైతే స్పార్క్ ప్లగ్గులు అన్నీ ఒకేసారి మార్పించి, ఆ తేదీని సున్నా కిలోమీటరుగా రాసుకోండి. చిన్న కారుకు ఎనిమిది నుంచి పదివేల దాకా అవుతుంది. బాకీలో పెద్ద వాయిదా ఇదే.

అందరూ మరిచిపోయేది బ్రేక్ ఆయిల్. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు చేరిన ఆయిల్ వేడికి మరిగితే పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. కారు ఎంత తక్కువ తిరిగినా రెండేళ్లకోసారి మార్చాలి. ఇంజను ఆయిల్ గ్రేడును మాన్యువల్‌లో చూసి చెప్పండి. ‘పాత ఇంజను కదా, చిక్కటి ఆయిల్ పోద్దాం’ అంటే ఒప్పుకోకండి. చప్పుడు తగ్గినట్లు అనిపిస్తుంది గానీ పొద్దున్నే స్టార్టు చేసిన మొదటి క్షణాల్లో పైభాగానికి ఆయిల్ ఆలస్యంగా చేరుతుంది.

డీజిల్ కారుకు ఫ్యూయల్ ఫిల్టరు అదనం. పాత డీజిల్‌తో వచ్చే అసలు చిక్కు ఇంజెక్టర్లు, టర్బో, పొగలో కొంత తిరిగి ఇంజనులోకి పంపుతూ మసిపట్టే ఈజీఆర్ వాల్వు. వీటిలో ఏది పోయినా పదివేలకు పైమాటే. రోజూ కాజీపేట నుంచి హన్మకొండ దాకా తిరిగే వాళ్లు డీజిల్ రేటు తేడా చూసి పాత డీజిల్ కారు కొనడం నాకు అర్థం కాని లెక్క.

పెట్రోలు కార్లకు కొత్తగా వచ్చిన సంగతి ఇథనాల్. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన చాలా కార్ల రబ్బరు భాగాలు దీన్ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. మైలేజీ కొంత తగ్గుతుంది. అంతకంటే ముఖ్యంగా పెట్రోలు గొట్టాలు, వాటి జాయింట్ల దగ్గర చెమ్మ, వాసన ఉందేమో ప్రతి సర్వీసులో చూపించుకోండి. ఇథనాల్ తేమను లాగుతుంది కాబట్టి నెలల తరబడి కదలని కారులో పాత పెట్రోలును అలాగే ఉంచకండి.

4. మెకానిక్‌ను ఎంచుకోవడం, మాట్లాడటం

కంపెనీ సర్వీస్ సెంటర్‌కు ఒక్కసారి వెళ్లండి. కారు అక్కడ సర్వీసు అయి ఉంటే రిజిస్ట్రేషన్ నంబరుతో పాత సర్వీసుల చరిత్ర బయటికొస్తుంది. ఏ ఏడాది మీటరు ఎంత ఉందో తెలిసిపోతుంది. చెకప్ చేయించి జాబితా తీసుకోండి. ఆ జాబితాలోని పనులన్నీ అక్కడే చేయించాలన్న నియమం లేదు. అక్కడ కూలీ ఎక్కువ, పైగా భాగాన్ని బాగుచేయడం కంటే మొత్తంగా మార్చడమే వారి పద్ధతి. బయట రబ్బరు బుష్ ఒక్కటి మార్చి సరిపెట్టే చోట అక్కడ చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ మొత్తం మారుస్తారు. అయితే ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్, ఆటోమేటిక్ గేరుబాక్సు లాంటి పనులకు అక్కడికే వెళ్లడం మంచిది.

మిగతా వాటికి బయటి షెడ్డు చాలు. షెడ్డు ముందు ఏ కార్లు నిలబడి ఉన్నాయో చూసి ఎంచుకోండి. మీ కంపెనీ కార్లే ఎక్కువగా ఉంటే ఆ ఇంజను వారి చేతికి అలవాటైందని అర్థం. కంపెనీలో ఏళ్లపాటు పనిచేసి బయటికొచ్చి సొంతంగా షెడ్డు పెట్టుకున్న వారు దొరికితే అదృష్టమే. కంప్యూటర్ స్కానర్ ఉందో లేదో అడగండి. లేని చోట సెన్సర్ తప్పును కనుక్కోవడానికి ఒకదాని తర్వాత ఒకటి సామాన్లు మార్చి చూస్తారు, డబ్బులు మీవి.

జబ్బు పేరు మీరు చెప్పకండి, లక్షణం చెప్పండి. ‘క్లచ్ ప్లేట్లు మార్చండి’ అంటే మార్చేస్తారు. తప్పు వేరే చోట ఉన్నా ఆ బిల్లు మీదే. ‘నాలుగో గేరులో ఎక్సలేటర్ తొక్కితే ఇంజను చప్పుడు పెరుగుతోంది, వేగం పెరగడం లేదు’ అని చెప్పి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిప్పి తీసుకురండి. బండి వదిలేటప్పుడు రెండు మాటలు తప్పకుండా చెప్పండి: ‘అన్నా, అనుకున్న పని కాకుండా ఇంకేదైనా తేలితే విప్పేముందు ఫోను చేయండి. పాత సామాన్లు డిక్కీలో పెట్టండి.’ పాత సామాను చూపించమనడంలో అనుమానించడమేమీ లేదు. మంచి మెకానిక్ అయితే అడగకముందే చేతిలో పెట్టి ఎక్కడ అరిగిందో చూపిస్తారు.

సామాను మీరే కొనండి, బిల్లుతో. దుకాణంలో ఒకే భాగం మూడు రకాలుగా దొరుకుతుంది: కారు కంపెనీ డబ్బాలో వచ్చేది, ఆ కంపెనీకి సరఫరా చేసే బాష్, వాలియో లాంటి వారు తమ డబ్బాలో అమ్మేది, లోకల్ సామాను. రెండో రకం చాలాసార్లు మొదటి దానికి సమానం, ధర తక్కువ. టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, బ్రేకు భాగాలు, ఆయిల్ సీళ్లు, సెన్సర్లు మాత్రం లోకల్ వద్దు. డోరు హ్యాండిల్, సైడు అద్దం, మ్యాట్ల లాంటివి ఏవైనా ఒకటే. డోరు, బంపరు లాంటివి పాత సామాన్ల దుకాణంలో మీ కారు రంగులోనే దొరికితే పెయింటింగ్ ఖర్చు కూడా తప్పుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి కార్ల విడిభాగాల మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు చాలా భాగాలకు 28 శాతం ఉండేది. డబ్బా మీద పాత ధర ముద్రించి ఉంటే గట్టిగా అడగండి. మెకానిక్ కూలీ దగ్గర మాత్రం బేరం పెట్టకండి. అక్కడ తగ్గించింది ఇంకెక్కడో రాబట్టుకుంటారు.

కారు ఇంకా కొనకపోతే ఒక మాట. సామాను వరంగల్‌లోనే దొరికే కంపెనీ కారు చూసుకోండి. షెవ్రోలే 2017 చివరికల్లా భారత్‌లో అమ్మకాలు ఆపేసింది. ఫోర్డ్ 2021 సెప్టెంబరులో ఇక్కడ తయారీ ఆపుతున్నట్లు ప్రకటించింది. ఆ కార్లు చవకగా దొరుకుతాయి, నడపడానికీ బాగుంటాయి. అయితే చిన్న భాగం కోసం హైదరాబాద్ నుంచి పార్సిల్ వచ్చేదాకా కారు షెడ్డులోనే ఉండాలి.

5. పనులను మూడు పద్దులుగా విడగొట్టండి

మెకానిక్ చెప్పిన జాబితా ముప్ఫై వేలు తేలిందనుకోండి. గాబరా పడకండి. అందులో ఇవాళ చేయాల్సింది సగం కూడా ఉండదు.

బ్రేకులు, టైర్లు, స్టీరింగ్ జాయింట్లు, కూలెంట్ కారడం, పెట్రోలు వాసన, ఆయిల్ ప్రెషర్ దీపం: ఇవి ఆగవు. ఆయిల్ దీపం వెలిగితే ‘ఇంటిదాకా పోదాం’ అనుకోకుండా అక్కడే ఇంజను ఆపాలి.

ఆయిల్ కొద్దిగా చెమర్చడం, గుంతల్లో షాక్ అబ్జార్బర్ల చప్పుడు, ఏసీ కొంచెం తక్కువ చల్లబడటం, గీతలు, సొట్టలు: ఇవి ఆగుతాయి. వీటికి ఒక కిటుకు ఉంది. ఒకే కూలీతో రెండు పనులు అయ్యే రోజు కోసం ఆపండి. క్లచ్ మార్చడానికి గేరుబాక్సు దించుతారు. వెనక ఆయిల్ సీలు అప్పుడే మార్పిస్తే సీలు ఖరీదు మాత్రమే, కూలీ ఉండదు. బెల్టుతో నడిచే వాటర్ పంపు ఉన్న ఇంజన్లలో టైమింగ్ బెల్టుతోపాటే పంపు మార్పించాలి. ముందు షాక్ అబ్జార్బర్లు, మౌంటింగులు, లింక్ రాడ్లు కలిపి చేయించి, చివర్లో వీల్ అలైన్‌మెంట్ ఒక్కసారి చేయిస్తే సరిపోతుంది.

మూడో పద్దు వద్దని చెప్పాల్సినవి. ఇంజను ఫ్లషింగ్, ప్రతి సర్వీసులో త్రాటిల్ క్లీనింగ్, ఆయిల్‌లో కలిపే సీసాలు, టెఫ్లాన్ కోటింగ్. ‘మైలేజీ పెరుగుతుంది’ అనే ప్రతి పనికీ లెక్క వేయండి. ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు తిరిగే కారు లీటరుకు 15 బదులు 16 కిలోమీటర్లు ఇస్తే ఆదా అయ్యేది ముప్ఫై మూడు లీటర్లు. లీటరు 107 చొప్పున మూడున్నర వేలు. టైర్లలో గాలి సరిగ్గా ఉంచుకోవడం, ఎయిర్ ఫిల్టరు మార్చడం, బ్రేకులు పట్టేయకుండా చూసుకోవడం ముందు చేయండి. వాటికి పెద్దగా ఖర్చు లేదు. ఆ తర్వాతే మిగతావి.

6. ఎండ, వాన, జాతర

పెద్ద సర్వీసు మార్చి నెలలో పెట్టుకోండి. ఏప్రిల్ వచ్చాక ఏసీ మెకానిక్కులు దొరకరు, దొరికినా తొందరలో గ్యాసు నింపి పంపేస్తారు. గ్యాసు తనంతట తాను తగ్గదు. ఎక్కడ లీకవుతోందో చూడకుండా నింపించుకుంటే రెండు వేలు గాలిలో కలిసినట్లే. ముందు రేడియేటర్‌కు ఎదురుగా ఉండే కండెన్సర్‌ను నీళ్లతో కడిగించి చూడండి. పత్తి మార్కెట్ చుట్టుపక్కల, రైస్ మిల్లుల దారిలో తిరిగే కార్లకు దాని రెక్కల నిండా పీచు, పొట్టు పేరుకుని ఉంటుంది. చాలాసార్లు ఆ కడుగుడుతోనే చల్లదనం తిరిగొస్తుంది.

జూన్‌కు ముందు వైపర్లు, డోర్ల కింది రంధ్రాలు, హెడ్‌లైట్లు చూసుకుంటే చాలు. నీళ్ల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. 2023 జులై చివర్లో హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగినప్పుడు, మోరంచపల్లి ఊరికి ఊరే నీటిలో చిక్కుకున్నప్పుడు ఎన్ని కార్లు నీళ్లలో నిలబడ్డాయో ఇక్కడివారికి తెలుసు. నీళ్లలో ఆగిన కారుకు సెల్ఫ్ కొట్టకూడదు. గాలి దారిలోంచి సిలిండర్లోకి నీరు చేరి ఉంటే, పిస్టన్ దాన్ని నొక్కలేక కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. బ్యాటరీ వైరు తీసి, తోసుకుంటూ బయటికి తేవాలి. మునిగిన కార్లు తుడిచి ముస్తాబై మళ్లీ అమ్మకానికి వస్తాయి కాబట్టి కొనేటప్పుడు సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి. ఎవరూ శుభ్రం చేయని ఆ చివరి జానెడు మీద బురద గీత దొరుకుతుంది. స్టెప్నీ గుంతలో కూడా చూడండి.

వరికోతలు అయ్యాక ఎలుకలు ఇళ్ల వైపు, కార్ల వైపు వస్తాయి. వెచ్చటి ఇంజను మీద గూడు పెట్టి వైర్లు కొరుకుతాయి. బానెట్ కింద పొగాకు కట్ట పెట్టడం చాలామంది చేసే పని. వాసన ఉన్నన్ని రోజులే అది పనిచేస్తుంది. రెండు మూడు రోజులకోసారి కారు కదపడం, రాత్రి బానెట్ కొద్దిగా ఎత్తి ఉంచడం అంతకంటే మేలు.

రెండేళ్లకోసారి మేడారం జాతర ఉండనే ఉంది. తాడ్వాయి దారిలో గంటల తరబడి మొదటి గేరులో పాకుతూ పోవాలి. పాత కారుకు అంతకు మించిన పరీక్ష లేదు. క్లచ్‌ను సగం నొక్కి పట్టుకుని కదిలితే ప్లేట్లు అక్కడే కాలి వాసన వస్తాయి. ముందు బండికి కాస్త దూరం ఏర్పడేదాకా ఆగి, పూర్తిగా వదిలి కదలండి. బయలుదేరే ముందు రేడియేటర్ ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి, లీటరు కూలెంట్, మంచినీళ్ల క్యాను డిక్కీలో పడేయండి. ముల్లు పైకి పోతుంటే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా పెట్టండి. ఉడికిపోతాం నిజమే, కానీ ఇంజను వేడి కొంత అటు పోతుంది. కాగిన రేడియేటర్ మూత మాత్రం తీయకండి.

7. కాగితాల ఖర్చు

థర్డ్ పార్టీ బీమా ప్రీమియం 2022 జూన్ నుంచి వెయ్యి సీసీ లోపు కారుకు 2,094 రూపాయలు, వెయ్యి నుంచి 1,500 సీసీ దాకా 3,416, ఆపైన 7,897. జీఎస్టీ అదనం. పూర్తి బీమా తీసుకోవాలా అన్నది ఆలోచించాల్సిన విషయం. సాధారణ పాలసీలో రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు సగమే ఇస్తారు. పదేళ్లు దాటిన కారు ఇనుప భాగాలకూ సగమే. కారు విలువ లక్షన్నర లోపుంటే థర్డ్ పార్టీతో సరిపెట్టుకోవచ్చు. మీ కాలనీలోకి నీళ్లొస్తాయంటే మాత్రం పూర్తి బీమానే ఉంచండి.

పొల్యూషన్ సర్టిఫికెట్ బీఎస్4, బీఎస్6 పొగ ప్రమాణాలతో వచ్చిన కార్లకు ఏడాది, అంతకు పాతవాటికి ఆరు నెలలు. పదిహేనేళ్లు నిండితే ఆర్‌సీ రెన్యువల్‌కు కారును రవాణా శాఖ కార్యాలయానికి తీసుకెళ్లి చూపించాలి. 2022 ఏప్రిల్ నుంచి కేంద్ర రుసుము ఐదు వేలు. ఇరవై ఏళ్లు దాటిన కారుకు 2025 ఆగస్టులో దాన్ని పదివేలు చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరు. రెన్యువల్ ఐదేళ్లకే వస్తుంది కాబట్టి పద్నాలుగేళ్ల కారు బేరమాడేటప్పుడు ఈ డబ్బును ధరలోంచి తగ్గించమనండి. ఢిల్లీ నుంచి వచ్చిన చవక డీజిల్ కారైతే ఎన్‌ఓసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం), ఇక్కడి లైఫ్ ట్యాక్స్, కొత్త నంబరు కలిపి లెక్క వేశాకే అది చవకో కాదో తెలుస్తుంది.

8. నెలకు ఎంత పక్కన పెట్టాలి

2014 స్విఫ్ట్ పెట్రోలు, ఏడాదికి ఎనిమిది వేల కిలోమీటర్లు అనుకుందాం. ఏడాది సర్వీసు 4,500. థర్డ్ పార్టీ బీమా జీఎస్టీతో 4,030. నాలుగు టైర్లకు 18,000 అనుకుని ఐదేళ్లకు పంచితే ఏడాదికి 3,600. బ్యాటరీ వాటా 1,200, బ్రేకులు 1,700, సస్పెన్షన్ 2,500, క్లచ్ 1,200, ఏసీ 1,700, కూలెంట్, బ్రేక్ ఆయిల్ లాంటివి 1,500. అనుకోనివాటికి 6,000. మొత్తం 27,930. అంటే నెలకు 2,330 దాకా. కిలోమీటరుకు మూడున్నర రూపాయలు. లీటరుకు పదిహేను ఇచ్చే కారుకు పెట్రోలు ఏడు రూపాయలు, రెండూ కలిపి పదిన్నర.

ఈ డబ్బును వేరే ఖాతాలో వేయండి, ఖర్చు లేని నెలల్లో కూడా. ఆరు నెలలు ఏ పనీ పడలేదంటే కారు బాగుందని కాదు, టైర్లు ఆరు నెలలు అరిగాయని. మొదటి ఏడాది మాత్రం బాకీ తీర్చడానికి మరో పదిహేను, ఇరవై వేలు విడిగా ఉండాలి. కారు ధర బేరమాడేటప్పుడే ఆ సొమ్ము చేతిలో మిగిలేలా చూసుకోండి. మూడు లక్షలుంటే మూడు లక్షల కారు కొనకండి, రెండున్నర లక్షలది కొనండి.

9. ఎప్పుడు ఆపాలి

ఒకే పని బిల్లు కారు అమ్మకం ధరలో నాలుగో వంతు దాటితే చేయించే ముందు ఒక రాత్రి ఆగండి. అమ్మితే రెండు లక్షలొచ్చే కారుకు హెడ్ గ్యాస్కెట్ ఇరవై వేలంటే చేయించవచ్చు. అదే కారుకు గేరుబాక్సు, ఇంజను కలిపి డెబ్బై వేలంటే అలాగే అమ్మేయడం మేలు. తుప్పు సంగతి వేరు. సముద్రం లేని మన దగ్గర అది తక్కువే. విశాఖ వైపు నుంచో చెన్నై నుంచో వచ్చిన కారుకు సస్పెన్షన్ బిగించే చోట, చాసిస్ మీద తుప్పు తినేసి ఉంటే డబ్బు పెట్టకండి. మరీ పాతదైతే గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రంలో ఇచ్చి డిపాజిట్ సర్టిఫికెట్ తీసుకోండి. కొత్త వాహనం కొన్నప్పుడు రాయితీకి పనికొస్తుంది.

అమ్మే రోజున ఫారం 29, 30 మీద సంతకాలు చేసి ఇవ్వడంతో మీ పని అయిపోదు. యాజమాన్యం మారుతున్నట్లు రాష్ట్రంలోనే అయితే 14 రోజుల్లో రవాణా శాఖకు మీరూ తెలియజేయాలి. రికార్డులో పేరు మారేదాకా ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రిజిస్టర్డ్ యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్న వ్యక్తి ఆధార్ కాపీ, అమ్మిన తేదీ, సమయం రాసిన కాగితం దగ్గర ఉంచుకుని, పేరు మారిందో లేదో ఆన్‌లైన్‌లో చూస్తూ ఉండండి. ఫాస్టాగ్‌ను మూయించండి. పూర్తి బీమా ఉంటే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయని ఏళ్లకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు) కారుతో పోదు, అది మీది. బీమా కంపెనీ నుంచి లేఖ తీసుకుంటే మూడేళ్ల లోపు కొనే కారుకు వాడుకోవచ్చు.